తాళం వేసిన ఇళ్లు లెక్కపెట్టిన పిల్లలు

(కర్నూలులో సోషల్ టీచర్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా రాసిపెట్టిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న సార్లకు వినబడుతోందా? సరే. నాకిచ్చిన అంశం, హైస్కూలు పిల్లలకు సమాజశాస్త్రం ఎట్లా పరిచయం చేయాలి అని. నేను ఆదోని వైపు పల్లెల్లో పద్దెనిమిదేళ్లుగా సోషల్ చెప్తున్నాను. ఈ పద్దెనిమిదేళ్లలో క్లాసులో ఏం చేశానో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది ఒక పిల్లవాణ్ణి బాధపెట్టిందో, అది చెప్తాను. మిల్స్, దుర్ఖైమ్ లాంటి సమాజశాస్త్రవేత్తల పేర్లు మధ్యలో వస్తాయి గానీ వాళ్లతో మొదలుపెట్టను. పిల్లల దగ్గర కూడా వాళ్లతో మొదలుపెట్టొద్దనే చెప్పడానికి వచ్చాను.

మీకు తెలుసు, పదో తరగతి దాకా సోషల్ అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం. సమాజశాస్త్రం అనే పేరుతో విడిగా పుస్తకం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు కూడా దాన్ని పదకొండో తరగతిలోనే మొదలుపెడతారు. అప్పటికి మన పిల్లల్లో సగం మంది ఎంపీసీకో బైపీసీకో పోయి ఉంటారు, కొంతమంది పనికి పోయి ఉంటారు, ఇక వాళ్లకు ఈ సబ్జెక్టు ఎదురుపడే అవకాశమే లేదు. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఎంతో కొంత చెప్పాలని నాకు పట్టుదల. పద్నాలుగేళ్ల పిల్లకు తన చుట్టూ ఉన్న మనుషులు ఎందుకు ఇట్లా బతుకుతున్నారన్న ప్రశ్న వచ్చేసి ఉంటుంది. ఆ ప్రశ్న అడిగే పద్ధతి మనం నేర్పకపోతే, జవాబు మాత్రం వీధిలో ఎవరో ఒకరు ఇచ్చేస్తారు.

నా పాఠం అటెండెన్స్ రిజిస్టర్‌తో మొదలైంది. డిసెంబరు నెల, తొమ్మిదో తరగతి. పేరు పిలుస్తున్నాను, పలకరు. ఇంకో పేరు, పలకరు. పక్కన కూర్చున్న పిల్ల చెప్తుంది, "సుగ్గికి పోయినారు మేడం." నంద్యాల వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట కొత్త కావచ్చు. సుగ్గి అంటే కన్నడంలో పంట కోతల కాలం. మా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు, సుగ్గికి పోవడమంటే పిల్లాజెల్లా మూటాముల్లే సర్దుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో పోవడం. పండగ దాటిందంటే క్లాసు సగం ఖాళీ. కొన్నేళ్లు నేను కూడా ఆ పేర్ల పక్కన 'ఆబ్సెంట్' అని రాసుకుంటూ పాఠంలోకి వెళ్లిపోయాను. ఒక రోజు మాత్రం ఆగి అడిగాను, వీళ్లంతా ఎందుకు పోయారు?

వచ్చిన జవాబులు ఇవి. "వాళ్ల నాయనకు అప్పులున్నాయి మేడం." "వాళ్ల నాయన తాగుతాడు." "వాళ్లమ్మకు బాగలేదు, ఆస్పత్రికి దుడ్లు కావల్ల." "వాళ్ల తలరాత." ఒక్కొక్క పిల్ల గురించి ఒక్కొక్క కారణం. వినడానికి అన్నీ నిజమే. అబద్ధం ఎవరూ చెప్పలేదు. కానీ ఒకే నెలలో ఇంతమంది నాయనలకు ఒక్కసారే అప్పులు ఎందుకయ్యాయి? అది ఎవరికీ తట్టలేదు. నిజం చెప్తే, అప్పటిదాకా నాకూ గట్టిగా తట్టలేదు.

ఆ సాయంత్రం వాళ్లకు ఒక పని చెప్పాను. ఇంటికి పోయేటప్పుడు మీ వీధిలో తాళం వేసిన ఇళ్లు ఎన్నో లెక్కపెట్టుకుని రండి, అంతే. పేర్లు వద్దు, కారణాలు వద్దు, లెక్క మాత్రమే.

మరుసటి రోజు క్లాసులో గొడవ మొదలైంది, మంచి గొడవ. ఒకడు పదకొండు అన్నాడు, అదే వీధి పిల్ల పదిహేడు అంది. ఎట్లా కుదురుతుంది? "ఆ ఇంటికి తాళం లేదు మేడం, అవ్వ ఉంది లోపల" అని వాడు. "అవ్వ ఉంటే ఏమి, మిగతా అందరూ పోయినారు కదా" అని ఆ పిల్ల. ఇంకో పిల్లవాడు లేచి, "మా పక్కింట్లో అవ్వతో ఇద్దరు పిల్లోళ్లు ఉన్నారు, వాళ్లు బడికి వస్తున్నారు, దాన్ని ఏమని రాయల్ల?" అని అడిగాడు. ఆ పీరియడంతా దాని మీదే గడిచింది. చివరికి పిల్లలే బోర్డు మీద నాలుగు గీతలు గీశారు: అందరూ పోయిన ఇల్లు, ముసలివాళ్లు మాత్రమే ఉన్న ఇల్లు, ముసలివాళ్లతో పిల్లలు ఉన్న ఇల్లు, ఎవరూ పోని ఇల్లు. మళ్లీ వెళ్లి లెక్కపెట్టుకొచ్చారు. ఏదైనా లెక్కించే ముందు దేన్ని లెక్కిస్తున్నామో తేల్చుకోవాలని డిగ్రీలో మాకు పరిశోధనా పద్ధతులు అనే పేపరులో చెప్పారు, నేను మార్కుల కోసం చదివి మర్చిపోయాను. ఈ పిల్లలు ఒక అవ్వ గురించి పోట్లాడుకుని అది కనిపెట్టారు.

రెండో వారం ప్రశ్న తిప్పి వేశాను. ఎవరు పోలేదు? కిరాణా అంగడి ఉన్నవాళ్లు పోలేదు. కరెంటాఫీసులో, బడిలో ఉద్యోగం ఉన్నవాళ్లు పోలేదు. బోరు పడి నీళ్లున్న చేనున్నవాళ్లు పోలేదు. వాన మీద ఆధారపడి ఒక్క పంట తీసేవాళ్లు, అసలు చేనే లేనివాళ్లు, దాదాపు అందరూ పోయారు. తాగే నాయనలు రెండు వైపులా ఉన్నారు! పిల్లలే ఈ సంగతి గమనించారు. "మేడం, ఫలానా ఆయన కూడా తాగుతాడు, కానీ బోరుంది, పోలేదు" అని ఒక పిల్ల మెల్లగా అంది. ఆ ఒక్క మాటతో మొదటి రోజు చెప్పిన సగం కారణాలు పక్కకు పోయాయి.

ఇక్కడ నేను మిల్స్ పేరు చెప్పాను. సి. రైట్ మిల్స్ అని అమెరికా సమాజశాస్త్రవేత్త, 1959లో రాశాడు. లక్ష మంది ఉన్న పట్నంలో ఒక్క మనిషికి పని లేకపోతే అది ఆ మనిషి కష్టం, ఆయన స్వభావం, నైపుణ్యం చూసుకుంటే సరిపోతుంది. ఐదు కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే అది అందరికీ సంబంధించిన సమస్య, ఒక్కొక్కరి గుణగణాలు వెదికితే జవాబు దొరకదు అని. ఇది మన భాషలో చెప్పాలంటే, ఇంటి బాధ, ఊరి బాధ. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి, ఒకే మనిషి మోస్తాడు, కానీ వాటి వేర్లు వేరే చోట్ల ఉంటాయి. పిల్లలకు ఈ తేడా ఒక్కటి పట్టుబడితే చాలని నేను అనుకుంటాను. మిగతా నిర్వచనాలు తర్వాతైనా వస్తాయి, రాకపోయినా నష్టం తక్కువే.

ఇంకో మెట్టు ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. మన దగ్గర వాన లేదు, తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరి ఊళ్లదాకా చేరవు, అందుకని పోయారు. ఇది సగమే. రెండో సగం గుంటూరులో ఉంది. మిరప పండే చోట, జనవరి నుంచి మార్చి దాకా, కాయ కోయడానికి ఒక్కసారిగా వేల చేతులు కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు. ఆ చేతులు ఎక్కడ దొరుకుతాయో కూలీల్ని కుదిర్చే మేస్త్రీలకు తెలుసు, ముందే అడ్వాన్సు ఇచ్చి పోతారు. పిల్లల్ని "అక్కడివాళ్లకు మన మనుషులు ఎందుకు కావాలి?" అని అడిగితే మొదట్లో చూపులు చూశారు. తర్వాత ఒకరు, "చిన్న వేళ్లతో అయితే కాయ తొందరగా తెగుతుంది మేడం" అన్నారు. అన్నది సుగ్గికి పోయివచ్చిన పిల్ల. కూలీ చిన్న పిల్లల దాకా ఎందుకు పాకుతుందో ఆ పిల్లకు పుస్తకం చెప్పలేదు, వేళ్లే చెప్పాయి.

సరే, ఇప్పుడు దుర్ఖైమ్. మనకు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం ఉండాలి, ఎందుకంటే ఆయన 1882 నుంచి 1887 దాకా ఫ్రాన్సులో మనలాగే బడిపిల్లలకు పాఠాలు చెప్పిన పంతులు, ఆ తర్వాతే బోర్డో విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. సమాజంలో కొన్ని సంగతులు మనిషి బయట నుంచి మనిషిని నడిపిస్తాయి, మనం పుట్టక ముందే ఉంటాయి, దాటితే గాని వాటి బలం తెలియదు అన్నాడాయన. సామాజిక వాస్తవం అని పుస్తకాల్లో రాస్తారు. ఈ మాట తొమ్మిదో తరగతికి చెప్పి చూడండి, రాసుకుంటారు, అంతే. నేనేం చేశానంటే, ఒక రోజు ఇంటర్వెల్ అయ్యాక పిల్లలకంటే ముందే క్లాసులోకి వెళ్లి కూర్చున్నాను, వాళ్లు వస్తుంటే లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను. మొదటి పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వెనక పిల్లలు ఆమె మీద పడ్డారు. ఎవరూ లోపలికి రారు. నేను కూర్చోమంటే గానీ వాళ్లు కూర్చోరు, వాళ్లు కూర్చుంటే గానీ నేను కూర్చోనని నిలబడ్డాను. రెండు మూడు నిమిషాలు అట్లాగే. ఒక పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి, మేడం మీద తానేదో తప్పు చేసిందనుకుంది, ఆ పిల్లను దగ్గరికి తీసుకుని సర్ది చెప్పాల్సి వచ్చింది. తర్వాత అడిగాను, టీచరు వస్తే లేవాలని మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చట్టంలో ఉందా, లేవకపోతే ఏమవుతుంది? ఒక్కరికీ గుర్తు లేదు. అంగన్‌వాడీలోనో ఒకటో తరగతిలోనో అక్కల్ని చూసి లేచారు. నియమం; సామాజికీకరణ, అంటే చుట్టూ ఉన్నవాళ్లను చూసి సమాజం పద్ధతులు నేర్చుకోవడం; పాత్ర, అంటే టీచరుగానో పిల్లగానో మన నుంచి అందరూ ఆశించే నడవడి; ఈ మూడు మాటలూ ఆ రోజే బోర్డు మీద రాశాను. వాళ్లు ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఇదే దుర్ఖైమ్ గురించి ఒక జాగ్రత్త. ఆయన 1897లో ఆత్మహత్యల లెక్కల మీద చేసిన పని చాలా పేరున్నది, డిగ్రీలో దాంతోనే పాఠం మొదలుపెడతారు. దయచేసి దాన్ని హైస్కూలు క్లాసులోకి తీసుకురావద్దు. మన జిల్లాల్లో, పక్కనున్న అనంతపురంలో, పంట పోయి అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్లున్నాయి. ఆ ఇంటి పిల్ల మూడో బెంచీలో కూర్చుని ఉండొచ్చు. మనకు అది ఉదాహరణ, ఆ పిల్లకు నాయన.

ఇంటి పని గురించిన పాఠం కొంచెం తేలిగ్గా నడుస్తుంది, మీరు కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే దీంతో మొదలుపెట్టండి. నిద్ర లేచినప్పటి నుంచి బడి గంట కొట్టేదాకా ఏమేం చేశారో టైముతో సహా రాయమనండి. ఆడపిల్లల కాగితం ఒక పక్క, మగపిల్లల కాగితం ఒక పక్క, పేర్లు చించేసి గోడకు అంటించండి. మా క్లాసులో ఆడపిల్లల కాగితాల్లో వాకిలి ఊడ్చడం, కల్లాపి చల్లడం, నీళ్లు పట్టడం, తమ్మునికి స్నానం, అంట్లు, జొన్నరొట్టెలు అని వరసగా ఉన్నాయి. మగపిల్లల కాగితాల్లో లేచాను, స్నానం చేశాను, తిన్నాను, వచ్చాను. ఇద్దరు ముగ్గురు ఎనుములకు మేత వేశామని రాశారు, దాన్ని కూడా గౌరవించాలి, అది కూడా పనే. అప్పుడు కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే అంకెలు చెప్పాను. ఇంటి పని చేసే ఆడవాళ్లు అప్పట్లో దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టేవాళ్లు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టేవాళ్లే ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. దేశం లెక్క, తమ గోడ మీది లెక్క ఒకే మాట చెప్తున్నాయని చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. ఒకడు, "మరి నేను ఎక్కువ పడుకున్న గంటన్నర నిద్ర మాయక్కదా మేడం?" అని అడిగాడు. అట్లాంటి ప్రశ్న వచ్చాక టీచరు నోరు మూసుకోవడం మంచిది. నేను ఏమీ అనలేదు.

ఇక నా తప్పు గురించి.

ఎనిమిదో తరగతికి ఊరి పటం గీయించాను. గుడి, పీర్ల చావిడి, రచ్చకట్ట, బడి, నీళ్ల ట్యాంకు, వీధులు, వాటి పేర్లు. మన ఊళ్లలో వీధి పేరు రాయమంటే కులం పేరు రాయమన్నట్టే అని నాకు తెలియక కాదు, ఆలోచించలేదు. ఒక పిల్లవాడు పటం ఎంత అందంగా గీశాడంటే, గుడి గోపురం మీద కలశాలు కూడా గీశాడు. తూర్పు పక్క మాత్రం కాగితం ఖాళీ. "ఇక్కడేం లేదా, ఎందుకు వదిలేశావు?" అని అందరి ముందూ అడిగాను. వాడు తల వంచుకున్నాడు. ఇంకొకడు వెనక నుంచి ఆ వీధి పేరు గట్టిగా చెప్పాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పిల్లవాడు మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు నేను వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ చేను నుంచి అప్పుడే వచ్చింది, చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చి, "వానికి పటం గీయడం రాదా మేడం?" అని అడిగింది. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో బొమ్మలు గీసిన పిల్లవాడు వాడు. ఆ తల్లికి నేనేం చెప్పగలను? తప్పు నాదమ్మా అని చెప్పి వచ్చాను.

అప్పటి నుంచి కొన్ని పద్ధతులు మార్చుకున్నాను. ఎవరు ఎక్కడ ఉంటారని అడగను. వస్తువుల గురించి, దూరాల గురించి అడుగుతాను. ట్యాంకు నుంచి మొదటి కుళాయికి ఎన్ని అడుగులు, చివరి కుళాయికి ఎన్ని అడుగులు, చివరి కుళాయిలో ఎంతసేపు నీళ్లు వస్తాయి, వీధి లైట్లు ఎక్కడిదాకా ఉన్నాయి, సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగిపోయింది. అన్ని వీధుల పిల్లల్నీ కలిపి గుంపులు చేసి పంపిస్తాను, ఎవరి వీధికి వాళ్లు పోరు. పటం పూర్తయ్యాక దాన్ని చూస్తే, ఎవరూ నోటితో ఏమీ చెప్పకుండానే, ఊరు తన గురించి తానే చెప్తుంది. సిగ్గుపడాల్సింది ఎవరో కూడా అప్పుడు తెలుస్తుంది, అది ఆ పిల్లవాడు మాత్రం కాదు. ఈ పాఠం వాడికోసం ఎంత అవసరమో, వెనక నుంచి నవ్విన పిల్లల కోసం అంతకంటే ఎక్కువ అవసరం. పదో తరగతి పౌరశాస్త్రంలో జెండర్, మతం, కులం అని ఒక పాఠమే ఉంది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు సిలబస్‌లో ఎక్కడుందని అడిగితే ఆ పేజీ తీసి చూపించండి. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని ఒక మార్కు ప్రశ్నగా చదివే పిల్లలు, రద్దయినది చివరి కుళాయి దాకా వచ్చిందా అని అడుగుల లెక్కతో చూడగలగాలి.

అంబేద్కర్ గురించి రాజ్యాంగ నిర్మాత అని చెప్పి ఆగిపోతాం. ఆయన 1916లో, ఇరవై ఐదేళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం మీద ఒక పరిశోధన పత్రం చదివారు. తమలో తాము మాత్రమే పెళ్లి చేసుకోవడమే కులాన్ని నిలబెడుతోందని అందులో వాదించారు. అంటే ఆయన గొప్ప సమాజశాస్త్రవేత్త కూడా. ఆయన చిన్నప్పుడు బడికి ఇంటి నుంచి గోనెసంచి తెచ్చుకుని దాని మీద కూర్చునేవారు, ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు, ప్యూన్ లేని రోజు నీళ్లు లేవు అని ఆయనే రాసుకున్నారు. మా పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తాను. కుళాయి దగ్గర నిలబడిన పిల్లవాడే పెద్దయి అది ఎందుకట్లా ఉందో ప్రపంచానికి వివరించాడని. క్లాసులో చప్పుడు ఉండదు ఆ కాసేపు.

మతం గురించి చెప్పడానికి మన సీమ కంటే మంచి చోటు ఉందా? పిల్లల పేర్లతో మొదలుపెడతాను. మీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, మీ అవ్వను అడిగి రండి. కౌతాళం ఖాదర్‌లింగ స్వామి దర్గాకు మొక్కుకుంటే పుట్టానని ఒక పిల్ల, పీర్ల పండగనాడు అగ్నిగుండం తొక్కి పేరు పెట్టారని ఒకడు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామికి మొక్కుకున్న ఇళ్లలో కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది హిందువులే. కడపలో ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి దగ్గరికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని. పుస్తకంలో మతం అంటే గళ్లు గీసి వేరువేరుగా ఉంటుంది, పిల్లవాడు ఇంటికి పోయి అవ్వను అడిగితే గీతలు అంత నేరుగా ఉండవు. ఆ అవ్వ చెప్పింది రాసుకుని రమ్మనండి, సరిదిద్దకండి.

రాసుకోవడం అంటే గుర్తొచ్చింది. ఎం.ఎన్. శ్రీనివాస్ అని మైసూరు ఆయన, 1948లో అక్కడికి దగ్గర్లోని ఒక పల్లెలో ఉండి ఆ ఊరిని చదివారు. ఏళ్ల తరబడి తయారు చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో అమెరికాలో ఆయన ఉన్న చోట నిప్పు పెడితే కాలిపోయాయి. అప్పుడు జ్ఞాపకం మీదనే ఆ ఊరి గురించి పుస్తకం రాశారు, 1976లో వచ్చింది. ఈ కథ చెప్తే పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. తర్వాత వాళ్లకు ఒక్కొక్కరికి చిన్న నోటుబుక్కు, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, తేదీ వేసి. "ఆమె కోపంగా ఉంది" అని రాయొద్దు, "బిందె గట్టిగా కింద పెట్టింది" అని రాయండి అంటాను. ఈ ఒక్క అలవాటు నేర్పడానికి నాకు ఏడాది పడుతుంది, పట్టినా ఫర్వాలేదు.

ఇంకో సంగతి, తొందరగా చెప్పేస్తాను గానీ చిన్నది కాదు. రిజిస్టర్‌లో పలకని పేర్లన్నీ సుగ్గివి కావు. పదో తరగతిలో ఒక ఆడపిల్ల సంక్రాంతి తర్వాత రాదు, పక్కపిల్ల నేల చూపులు చూస్తుంది. అది ప్రాజెక్టు కాదు, పిల్లల చేత దాని గురించి లెక్కలు వేయించకూడదు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి నేరమని 2006 చట్టం చెప్తోంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, హెడ్మాస్టరుతో, అంగన్‌వాడీ టీచరుతో, మహిళా పోలీసుతో మాట్లాడాలి, ఆ రోజే మాట్లాడాలి. పాఠం తర్వాత.

టైమెక్కడుందని అడుగుతారు మీరు. పదో తరగతికి రిజల్టు టెన్షన్, తెలుసు. నేను పదో తరగతిని ముట్టుకోను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు, నో బ్యాగ్ డే ఉన్న శనివారం ఒక పీరియడు, సాయంత్రం ఇంటి దగ్గర చేసుకొచ్చే ఒక చిన్న పని. అంకెలు కావాలంటే మన జిల్లావే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం, మగవాళ్లలో 70, ఆడవాళ్లలో 50 కూడా దాటలేదు. ఆ 20 శాతం తేడా ఎక్కడుందో చూడాలంటే ఇంట్లో అమ్మను, నాయనను ఏ తరగతి దాకా చదివారో, ఎందుకు ఆపారో అడిగితే చాలు. అయితే ఎవరి జవాబునూ పైకి చదవొద్దు. కాగితాలు కలిపేసి లెక్క మాత్రమే బోర్డు మీద వేయండి. నేను పటం దగ్గర నేర్చుకున్నది ఇది.

అడిగేటప్పుడు 'ఎందుకు'తో మొదలుపెట్టించకండి. ఎందుకు అంటే పిల్లలు వెంటనే మనిషి మీద పడతారు, బద్ధకం, తాగుడు, కర్మ. ఎంతమంది, ఎవరెవరు, ఎప్పటి నుంచి, ఎవరికి అట్లా లేదు, ఇవి ముందు. 'ఎందుకు' ఆఖరున దానంతటదే వస్తుంది, అప్పుడు వచ్చేది వేరే 'ఎందుకు'.

పరీక్షల ముందు, మార్చి ఆఖర్లో, సుగ్గికి పోయినవాళ్లు తిరిగొస్తారు. మిరపకాయలు కోసివచ్చిన పిల్ల వేళ్లు చూశారా ఎప్పుడైనా? కొసలు పొరలు లేచి ఉంటాయి, మంటకు పెన్ను గట్టిగా పట్టుకోలేదు, రెండు వేళ్ల మధ్య ఇరికించుకుని రాస్తుంది. అట్లా వచ్చిన ఒక పిల్లకు, పోయిన ఏడాది, నోట్సు ఎక్కించుకోమని చెప్పకుండా ఒక చార్టు ఇచ్చాను. నువ్వు మూడు నెలలు ఉన్న చోటు గీయమ్మా, అడుగుల లెక్కతో అన్నాను. వేలు మంటగా ఉందంటే పక్కపిల్ల గీసింది, ఈ పిల్ల చెప్పింది. చేను ఇక్కడ, పట్టాల గుడారాలు ఇక్కడ, వరసకు ఇన్ని, మేస్త్రీ గది ఇక్కడ, మోటారు దగ్గర నీళ్లు ఇక్కడ, చీకటిలో బయటికి పోయే చోటు అక్కడ, దానికి ఎన్ని అడుగులు. మిగతా పిల్లలు చుట్టూ చేరి అడగడం మొదలుపెట్టారు. నీళ్లు ఎంతసేపు వస్తాయి? బడి ఎంత దూరం? ఎన్ని ఊళ్లవాళ్లు ఉన్నారు? కన్నడం మాట్లాడేవాళ్లు ఉన్నారా? చిన్నపిల్లల్ని ఎవరు చూసుకుంటారు? నవంబరు నుంచి మేం క్లాసులో నేర్చుకున్న ప్రశ్నలన్నీ ఆ పిల్ల ముందు పెట్టారు, ఆమె ఒక్కొక్కదానికీ నిలబడి జవాబు చెప్పింది, ఆ గంటసేపు నేను బెంచీలో కూర్చుని రాసుకున్నాను.

ఆ చార్టు ఇవాళ తెచ్చాను, ఆ గోడకు పెట్టించాను, టీకి లేచినప్పుడు చూడండి. ఫోటోలు తీయకండి, ఫోటోలకు ఆ పిల్లను అడగలేదు, చూపిస్తానని మాత్రమే అడిగాను. ప్రశ్నల కాగితం జిరాక్సులు బల్ల మీద ఉన్నాయి, మా ఊరికి రాసుకున్నవి అవి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. నంద్యాల వైపు కాలువ నీళ్లున్న ఊళ్ల టీచర్లు ముఖ్యంగా చెప్పండి, సుగ్గి లేని చోట ఏ ప్రశ్నతో మొదలుపెట్టొచ్చో. మీ దగ్గర నేను అది వినాలి. మైకు అటు ఇస్తారా?